అకీమ్ గారి ఉచిత గుర్రప్పిల్ల

పైసా అన్యాయం లేని ఆన్‌లైన్ ఆట ప్రపంచంలో మొట్టమొదటిసారిగా మా కిర్గిజ్ కొండల్లోని కుమూష్-బెల్ జిల్లాలోనే పుట్టబోతోందని మా జిల్లా అకీమ్ జాకిప్ ఉసేనొవిచ్ గారు ఫిబ్రవరి పదకొండో తేదీ ఉదయం సాంస్కృతిక భవనం మెట్ల మీద నిలబడి ప్రకటించారు. అకీమ్ అంటే జిల్లాకు అధిపతి. ఆయన సంతకం లేనిదే మా దగ్గర మంచు కూడా కరగదు. ఆ రోజు చలి ఎంతంటే మైకు నా చేతితొడుక్కి అతుక్కుపోయింది. అయినా మొదటి చప్పట్లు నావే. నేను మొదలుపెడితే జనం అందుకుంటారు, అది నా డ్యూటీ.

నా పేరు మెదెర్. ఈ జిల్లాలో పెళ్ళయినా పురుడయినా మైకు పట్టుకునేది నేనే. నలభై మంది బంధువుల్ని వరసబెట్టి పొగిడి, నలభై ఒకటోవాడి దగ్గరకొచ్చినా కొత్తమాట వెతుక్కోగలను. అకీమ్ గారి విషయంలో అంత కష్టం అక్కర్లేదు. ఆయన చేసింది ఉన్నదున్నట్టు చెబితే చాలు, పొగడ్త దానంతటదే వస్తుంది. జిల్లా పత్రికవాళ్ళు స్థలం ఇస్తామన్నారు కాబట్టి రాస్తున్నాను.

“విదేశీ ఆటలు మన పిల్లల్ని దోచుకుంటున్నాయి!” అన్నారు అకీమ్ గారు. “ఉచితం అంటారు. లోపలికెళ్ళాక జీనుకింత, కళ్ళేనికింత, గడ్డికింత! ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిపితే ఎద్దు!”

ఎద్దు అన్న మాట ఆయన గుండె లోతుల్లోంచి వచ్చింది. ఎందుకంటే ఆ ఎద్దు వాళ్ళింటిదే. పోయిన శీతాకాలం ఆయన శ్రీమతి ఒక ఉచిత ఆటలో బంగారు జీనులు కొని కొని ఆ ఎద్దు ఖరీదు ముగించారు. ఆవిడ ముందు వరసలోనే కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఆవిడ ఒళ్ళో ఫోను గట్టిగా పలికింది: “బంగారు జీను సగం ధరకే! ఇంకా తొమ్మిది నిమిషాలే!” అకీమ్ గారు గొంతు సవరించుకుని “పిల్లలు!” అన్నారు మళ్ళీ.

తరవాత నాలుగు న్యాయ నియమాలు చదివారు. ఏ వస్తువుకైనా ధర ముందే చెప్పాలి. అదీ మా డబ్బు సొమ్‌లలో, రత్నాల్లోనూ నక్షత్రాల్లోనూ కాదు. పెట్టె కొనమంటే అందులో ఏది వచ్చే అవకాశం ఎంతో పెట్టె మీదే రాయాలి. గడియారం పెట్టి మనిషిని తొందరపెట్టకూడదు. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లోపు తిరిగి ఇచ్చెయ్యవచ్చు.

ఈ నాలుగూ అకీమ్ గారి ఫోటోతో అచ్చువేయించి, ప్లాస్టిక్ తొడిగించి బళ్ళో, బ్యాంకులో, ఆవిరి స్నానశాలలో కూడా తగిలించారు. స్నానశాలలో చదువుకోవడానికి ఇంకేమీ ఉండదు కాబట్టి జిల్లాలో ఆడవాళ్ళందరికీ ఆ నాలుగు నియమాలూ నోటికి వచ్చేశాయి. ఎగువ వీధి బర్మెత్ అక్కకైతే కామాలతో సహా వచ్చు.

ఆట తయారుచెయ్యడానికి రాజధాని నుంచి జీబెక్ అనే అమ్మాయిని రప్పించారు. కంప్యూటర్ చదువు చదివిన పిల్ల, మాట తక్కువ, పని ఎక్కువ. ఆమె పైన డిజిటల్ విభాగం అధికారి తెమిర్‌కుల్ గారు. ఆయన పశువైద్యం నుంచి బదిలీ మీద వచ్చారు. అందుకే ఆడేవాళ్ళను ఇప్పటికీ తలల్లోనే లెక్కపెడతారు. “మొదటి నెలలో ఎన్ని తలలు వస్తాయమ్మా?” అని అడిగితే ఆ అమ్మాయికి రెండు రోజులు అర్థం కాలేదు.

ఆటలో పెంచేది గుర్రప్పిల్లని. దానికి బొమ్మ కావాలి. మార్చిలో బర్మెత్ అక్క గుర్రం ఈనింది, పిల్ల పాలనురుగంత తెలుపు, నుదుటి మీద ఒక్క నల్లమచ్చ. ఫోటో తీసుకోవడానికి ముగ్గురం వెళ్ళాం. బర్మెత్ అక్కకి అరవై దాటాయి. భర్త పోయి ఆరేళ్ళయింది. నలభై గొర్రెలు, ఒక గుర్రం, ఇప్పుడీ పిల్ల. నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన మనిషి కాబట్టి ‘ఒరే’ అని పిలిచే హక్కు ఆవిడకుంది.

మా దగ్గర కొత్త బిడ్డనో, కొత్త కోడలినో, కొత్త కారునో మొదటిసారి చూస్తే చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. కొరుమ్‌దుక్ అంటాం, చూపుకానుక. పెట్టకుండా చూస్తే చూసినవాడికి పరువు తక్కువ. జీబెక్ మెళ్ళో ఉన్న రుమాలు తీసి అక్క భుజం మీద వేసింది. నేను వంద సొమ్‌ల కాగితం పెట్టాను. తెమిర్‌కుల్ గారు చేతులు వెనక్కి కట్టుకుని పిల్ల పళ్ళు చూస్తున్నారు.

“ఏం తమ్ముడూ, చూసేశావు. చెయ్యి మాత్రం కదల్లేదే?” అంది అక్క.

“నేను చూడలేదక్కా. ప్రభుత్వం తరఫున పరిశీలించాను.”

“పరిశీలిస్తే కళ్ళతో కాదా?”

“కళ్ళు నావే. చూపు ప్రభుత్వానిది.”

“సరే,” అంది అక్క. “గుర్తుపెట్టుకుంటాలే.”

మార్చి చివర్లో జీబెక్ ఆటను కమిటీకి చూపించింది. పిల్ల గంతులేస్తోంది, గడ్డి మేస్తోంది, నుదుటి మీద మచ్చ కూడా వచ్చింది. కమిటీ అంతా ముచ్చటపడింది.

“ఇందులో అమ్మేది ఏముందమ్మా?” అడిగారు అకీమ్ గారు.

“ఒక్క రంగుజీను ఉందండీ. ఇరవై సొమ్‌లు. ఇష్టమైనవాళ్ళు కొనుక్కుంటారు. కొననివాళ్ళకి మామూలు జీను ఉంటుంది. పరుగులో తేడా ఏమీ ఉండదు.”

“తేడా లేకపోతే ఎందుకు కొంటారు?” అన్నారు తెమిర్‌కుల్ గారు.

“అదేనండీ న్యాయం.”

న్యాయాన్ని అంత దగ్గరగా చూడడం కమిటీకి అదే మొదటిసారి. అకీమ్ గారు లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి, కొండల వైపు చూస్తూ ఒక నిమిషం నిలబడ్డారు. గొప్ప ఆలోచనలు ఆయనకి వీపు చూపించేటప్పుడే వస్తాయి.

“అమ్మడమే తప్పు,” అన్నారు. “మనది అమ్ముకునే జాతి కాదు, పెట్టే జాతి. పురుడొస్తే పెడతాం. కోడలొస్తే పెడతాం. మంచి కబురు తెచ్చినవాడికి సుయున్చు పెడతాం. ఎవడైనా బిల్లడిగాడా? లేదు కదా? మరి ఈ ఆటలో అమ్మకం ఎందుకు? తీసెయ్యండి. పెట్టించండి.”

“మరి మన నాలుగు నియమాలండీ?” అంది జీబెక్.

“అవి అమ్మకాలకమ్మా. ఇది సంప్రదాయం. సంప్రదాయానికి ధర రాస్తారా ఎక్కడైనా?”

“ఏది వచ్చే అవకాశం ఎంతో…”

“దేవుడి దయకి శాతాలేమిటి?”

“పద్నాలుగు రోజుల్లో తిరిగి…”

“పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్న కిర్గిజ్‌ని చూశావా నువ్వు? పుట్టిందెక్కడమ్మా నువ్వు?”

ఆ అమ్మాయి పుట్టింది ఇక్కడే, రెండు వీధుల అవతల. కాని ఆ సంగతి చెప్పడానికి అది సమయం కాదు. నన్ను ఆ పూటే సంప్రదాయ సలహాదారుగా నియమించారు. నా పని ఒక్కటే: గొంతు ఇవ్వడం. ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి నా చేత నూట పన్నెండు వాక్యాలు రికార్డు చేయించారు. “పెట్టండి, పెట్టండి, పిల్ల మీ చేతి వైపే చూస్తోంది!” అన్నది వాటన్నిటిలోకీ అకీమ్ గారికి బాగా నచ్చింది. నాకూ నచ్చింది, దాచడమెందుకు.

ఏప్రిల్‌లో ‘ఆక్-కులున్’ విడుదలైంది. తెల్ల గుర్రప్పిల్ల అని అర్థం. పూర్తిగా ఉచితం. డౌన్‌లోడ్ చేసుకోగానే మీకో పిల్ల పుడుతుంది, పైన ముసుగుంటుంది. ముసుగు తియ్యాలంటే చూపుకానుక. పిల్లకి మొదటి పన్ను వస్తే కబురు కానుక. తుమ్మినా కబురే. బ్యాంకు క్యాషియరు పదకొండు మంది బంధువుల గుర్రప్పిల్లల్ని చూడాల్సి వచ్చింది. చూడకపోతే బంధువులకు కోపం, చూస్తే జీతానికి కోపం. పెట్టనివాళ్ళను ఆట ఏమీ అనదు. “ఎగువ వీధిలో ఫలానావారు చూశారు, పెట్టలేదు” అని నలుగురికీ కనపడేట్టు ఒక్క ముక్క రాస్తుంది, అంతే. గడియారం కూడా లేదు. అకీమ్ గారు నియమం తప్పలేదు. గడియారానికి బదులు తెల్ల ఊలుటోపీ పెట్టుకున్న తాత బొమ్మ వస్తుంది. ఆయన ఏమీ అనడు. మీ వంక చూసి, నిట్టూర్చి, తన చేతి గడియారం చూసుకుంటాడు.

నెల తిరిగేసరికి జిల్లాలో నిజం పెళ్ళిళ్ళలో చదివింపులు సగానికి పడిపోయాయి. చేతులన్నీ ఆటలోనే ఖాళీ అవుతున్నాయి. వచ్చిన కానుకలన్నీ సంప్రదాయ పరిరక్షణ నిధికి చేరాయని, ఆ నిధితో అకీమ్ కార్యాలయం మెట్లకు పాలరాయి వేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వానకి కొంచెం జారుతుంది.

మేలో అకీమ్ గారు ఇంకో అడుగు ముందుకు వేశారు. కొండ మీది వేసవి మేతకు వెళ్ళాలంటే ప్రతి కాపరికీ మేత పత్రం కావాలి. అది లేకుండా వంతెన దాటనివ్వరు. ఏటా కార్యాలయంలో కిటికీ దగ్గర ఇచ్చేవారు. వరసలు, తోపులాటలు, తిట్లు. అకీమ్ గారు వరసలు రద్దుచేశారు. మేత పత్రాన్ని ఆటలో పెట్టారు. ప్రతి పిల్లకీ రోజుకో పెట్టె వస్తుంది. కానుక పెట్టి తెరిస్తే అందులో మేత పత్రం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కిటికీ మూసేసి పైన బోర్డు కట్టారు: “సేవలు ఉచితం. ఇంట్లోనే ఆడుకోండి.”

మే ఇరవైకల్లా కింద లోయలో గడ్డి అయిపోవచ్చింది. బర్మెత్ అక్క కార్యాలయానికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. నా గౌరవ వేతనం ఇంకా రాలేదు, ఆ పనిమీద కూర్చున్నాను.

“తమ్ముడూ, పంతొమ్మిది పెట్టెలు తెరిచాను,” అంది తెమిర్‌కుల్ గారితో. “మొదటిదాంట్లో కొరడా వచ్చింది. నిజం కొరడా కాదు, బొమ్మ. రెండోదాంట్లో తివాచీ బొమ్మ. తరవాత ఏడింట్లో వరసగా అకీమ్ బొమ్మే.”

“అకీమ్ గారి బొమ్మ అరుదక్కా! చాలామందికి రాదు!”

“దాన్ని మేస్తాయా నా గొర్రెలు? రెండింటిని అమ్మి ఈ పెట్టెల్లో పోశాను. మిగిలినవి రోడ్డుపక్క చెట్ల బెరడు కొరుకుతున్నాయి. గుర్రానికి పాలు ఎండిపోతున్నాయి. పిల్ల పక్కటెముకలు వేళ్ళతో లెక్కపెట్టొచ్చు. మీరు ఫోటో తీసుకెళ్ళిన పిల్లే. ఆ ఫోన్లో చూస్తే గుమ్మడిపండులా ఉంది.”

“ఫోన్లో పోషణ బాగుంటుందక్కా.”

అక్క నా వైపు తిరిగింది. “ప్రతిసారీ నీ గొంతేరా మెదెర్. ‘పెట్టండి, పెట్టండి.’ నిన్ను ఎత్తుకు తిరిగిన నడుమురా ఇది.”

నాకు తల కొట్టేసినట్టయింది. జీబెక్ తన బల్ల దగ్గర్నుంచి లేచింది. అక్క ఆ అమ్మాయినే సూటిగా అడిగింది: “ఆ పత్రం వచ్చే అవకాశం ఎంతమ్మా? స్నానశాలలో రాసుంది, చెప్పాలని.”

చెప్పకూడదని ఆ అమ్మాయి చేత సంతకం తీసుకున్నారు. అందుకే అరచేతి మీద కలంతో రాసి, జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యెత్తి చూపించింది. వెయ్యికి నాలుగు.

“తోడేలు నయం,” అంది అక్క. “మంద మీద పడితే ఒకదాన్ని పట్టుకుని వెళ్ళిపోతుంది. రేపు మళ్ళీ రమ్మని నోటీసు ఇవ్వదు.”

మా లోయలో ఆమెలాంటి ఇళ్ళు ముప్ఫై ఒకటి. అందరూ కలిసి కొండెక్కుతారు, కలిసి దిగుతారు. ఒక్క ఇంటికీ పత్రం రాలేదు. జూన్ పదో తారీఖు దాటితే ఆ గొర్రెల్ని కొండకి తోలుకెళ్ళడం కాదు, కసాయికి తోలుకెళ్ళడమే.

ఇంతలో మా అదృష్టం పండింది. రాజధాని నుంచి మంత్రిగారు వస్తున్నారని జూన్ నాలుగున ఉత్తరం వచ్చింది. “కుమూష్-బెల్ జిల్లాలో ప్రజలకు ఉచితంగా అందిస్తున్న తెల్ల గుర్రప్పిల్లను మంత్రివర్యులు జూన్ ఏడున పదకొండు గంటల నలభై నిమిషాలకు స్వయంగా దర్శించి, దాని మెడలో పతకం వేసి, సన్మానిస్తారు” అని ఉంది అందులో.

అకీమ్ గారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారు.

“మెడలో అంటే?” అన్నారు.

“నిజం పిల్ల అనుకుంటున్నారండీ,” అన్నారు తెమిర్‌కుల్ గారు.

“కాదని ఫోన్ చేసి చెప్పు.”

“మంత్రిగారు పొరపాటు పడ్డారని నేను చెప్పనాండీ?”

చివరికి మంత్రిగారు పొరపడడం కంటే జిల్లాలో ఒక గుర్రప్పిల్ల పుట్టడమే సులభమని తేలింది. నుదుటి మీద నల్లమచ్చ ఉన్న తెల్ల పిల్ల జిల్లా మొత్తానికి ఒక్కటే ఉంది. అడగడానికి నన్ను పంపారు, ఎత్తుకుని తిరిగిన మనిషి కదా అని. అక్క టీ పోసింది, రొట్టె విరిచి నా ముందు పెట్టింది, అంతా విన్నది.

“తెస్తానని చెప్పు,” అంది. “బేరం అక్కడే, అకీమ్‌తోనే.”

ఏడో తారీఖు పొద్దున పదకొండుంబావుకి అక్క పిల్లనీ తల్లినీ కార్యాలయం ముందు కట్టేసి, పాలరాతి మెట్లు జాగ్రత్తగా ఎక్కి, అకీమ్ గారి గదిలోకి వచ్చింది. తెమిర్‌కుల్ గారు, జీబెక్, నేను అక్కడే ఉన్నాం.

“రా అక్కా, రా! దేశం నీకు రుణపడి ఉంటుంది,” అన్నారు అకీమ్ గారు.

“దేశం సంగతి తరవాత. జాకిప్, నా పిల్లని నలుగురికీ చూపిస్తావు. చూపుకానుక ఏమిస్తావు?”

“ఏం కావాలో చెప్పక్కా. శాలువా కప్పిస్తా. ఆటలో వెయ్యి నక్షత్రాలు వేయిస్తా.”

“నక్షత్రాల్లో చెప్పకూడదని నువ్వే రాశావుగా. ధర ముందే చెబుతున్నా విను. ముప్ఫై ఒక్క మేత పత్రాలు.”

“నీకొక్కదానికి ఎలాగోలా చూస్తాలే. ముప్ఫై ఒకటేమిటి?”

“ఒక్కదాన్నే ఎక్కి అక్కడ తోడేళ్ళతో పొత్తు పెట్టుకోనా?”

“నా చేతిలో లేదక్కా! అవన్నీ ఆటలో ఉన్నాయి. సర్వర్ ఇవ్వాలి. పెట్టెలోంచి రావాలి. నేనెవర్ని?”

ఇలా అంటూనే అకీమ్ గారు, మంత్రిగారు వచ్చే వేళయిందని గుర్తొచ్చి, దువ్వెన కోసం సొరుగు లాగారు. దువ్వెన పైనే ఉంది. దువ్వెన కింద ఎర్రదారంతో కట్టిన కాగితాల కట్ట ఉంది. మేత పత్రాలు. సంతకాలతో, ముద్రలతో. పైదాని మీద తేదీ నాకు కూర్చున్నచోటికే కనపడింది. మార్చి ఒకటి.

తెమిర్‌కుల్ గారు సీలింగు పరిశీలించారు. నేను నా మైకు తుడుచుకున్నాను.

“సర్వర్ బాగానే పనిచేస్తోందే,” అంది బర్మెత్ అక్క. “సరే, రెండోది. పిల్ల వచ్చే అవకాశం నూటికి నూరు. కిటికీలోంచి చూసుకో, కట్టేసి ఉంది. మూడోది. నేను తొందరపెట్టను. గడియారం నాది కాదు.”

కిటికీలోంచి పిల్లే కాదు, దూరంగా రాజధాని రోడ్డు మీద దుమ్ము కూడా కనపడుతోంది. దుమ్ములో నాలుగు నల్లకార్లు.

“అక్కా, కార్యక్రమం అయ్యాక ఇస్తా. నా మాట…”

“నాలుగోది. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లో వచ్చి పత్రాలు తిరిగిచ్చెయ్ అని అడుగు. ఎక్కడుంటామో నీకు తెలుసుగా, కొండ మీద.”

కార్లు ఊరి మలుపు తిరిగాయి. అకీమ్ గారు కట్ట తీసి ఆమె చేతిలో పెట్టారు. దారం మాత్రం ఉంచుకోబోయారు గాని అక్క వదల్లేదు. ముప్ఫై ఒకటీ లెక్కపెట్టుకుని, మిగిలినవి ఆయనకే తిరిగిచ్చింది. న్యాయమైన మనిషి.

వేదిక కార్యాలయం ముందే. పిల్ల మీద తెల్ల గుడ్డ కప్పారు, కొత్తకోడలికి వేసినట్టు. జీబెక్ తల్లిగుర్రం తాడు పట్టుకుని పక్కన నిలబడింది. జనం వెయ్యిమంది పైనే వచ్చారు. మంత్రిగారు దిగి, స్వాగతానికి పట్టిన రొట్టె తుంచి, నోట్లో వేసుకుని, వేదిక ఎక్కారు. నేను మైకు అందుకుని, అకీమ్ గారు స్వయంగా రాసి ఆమోదించిన ఆట ప్రకటననే చదివాను, అలవాటు కొద్దీ, అక్షరం పొల్లుపోకుండా:

“కొత్త పిల్లను తొలిసారి చూసేవారు చూపుకానుక పెట్టవలెను! ఇది మన తాతలనాటి మర్యాద! పెట్టండి, పెట్టండి, పిల్ల మీ చేతి వైపే చూస్తోంది!”

వెయ్యిమందీ మంత్రిగారి చేతి వైపు చూశారు. మూడు టీవీ కెమెరాలూ అటే తిరిగాయి. మంత్రిగారు కోటు జేబులు తడిమారు. మంత్రులు డబ్బు దగ్గర పెట్టుకోరు, అవసరం రాదు. కార్యదర్శి చెవిలో ఏదో చెప్పాడు. నాకు మైకులో వినపడిందింతే: “వద్దు సార్! కెమెరా ముందు డబ్బు చేతులు మారితే రేపు అవినీతి కమిషన్ పిలుస్తుంది!”

పెట్టకుండా చూస్తే పరువు పోతుంది, పెట్టి చూస్తే పదవి పోతుంది. ఇలాంటి ఘట్టాల్లోనే నాయకత్వం బయటపడుతుంది. మంత్రిగారు అర నిమిషం ఆలోచించి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నారు.

“ప్రజలు చూశాకే నేను చూస్తాను!” అన్నారు.

నేను చప్పట్లు మొదలుపెట్టాను, జనం అందుకున్నారు. మంత్రి చూడనిదాన్ని అకీమ్ చూడడం మర్యాద కాదు కాబట్టి అకీమ్ గారూ కళ్ళు మూసుకున్నారు. అకీమ్ చూడనిదాన్ని తెమిర్‌కుల్ గారు చూడరు. కార్యదర్శి, పోలీసు అధికారి, ఇద్దరు ఉపాధ్యక్షులు, వేదిక మీద ఉన్న పద్నాలుగు మందీ ఒకరి తరవాత ఒకరు కళ్ళు మూసుకున్నారు. అలా కళ్ళు మూసుకుని నిలబడ్డ ప్రభుత్వాన్ని చూస్తే నా కళ్ళు చెమర్చాయి. తెల్ల గుడ్డ తొలగించారు. మంత్రిగారు ఉపన్యాసం ప్రారంభించారు.

“ఆహా! ఏమి తేజస్సు! ఏమి కండ! ఈ పిల్లను చూస్తుంటే…”

బర్మెత్ అక్క ఒక నాలుగు నిమిషాలు మర్యాదగా విన్నది. తరవాత తాడు విప్పింది. జీబెక్ తల్లిగుర్రాన్ని నడిపించింది, పిల్ల వెనకాలే చెంగుచెంగున దూకింది. తక్కిన ముప్ఫై ఇళ్ళవాళ్ళూ కదిలారు. గొర్రెల్ని పొద్దున్నే వంతెన దగ్గర చేర్చి ఉంచారట. మిగిలిన జనం, ఇన్నాళ్ళూ కానుకలు పెట్టి పెట్టి ఫోన్లో చూసిన పిల్ల నిజంగా నడిచి వెళ్ళిపోతుంటే ఆగలేక, దాని వెనకే సాగనంపడానికి వెళ్ళారు. కెమెరావాళ్ళు కూడా అటే పరిగెత్తారు. వెళ్తూ వెళ్తూ అక్క వెనక్కి తిరిగి నా వంక చూసి, పెదాల మీద వేలు పెట్టింది.

మైదానంలో మంత్రిగారి ఉపన్యాసం, పద్నాలుగు జతల మూసిన కళ్ళు, నేను మిగిలాం.

“మెదెర్,” అన్నారు అకీమ్ గారు పెదాలు కదపకుండా. “పిల్ల నిలబడే ఉందా?”

నేను కొండదారి వైపు చూశాను. దుమ్ములో ఒక తెల్లటి చుక్క.

“దివ్యంగా ఉందండీ,” అన్నాను.

“జనం?”

“మంత్రముగ్ధులైపోయారండీ. ఊపిరి చప్పుడు కూడా లేదు.”

ఇరవై ఆరో నిమిషంలో మంత్రిగారు పతకం చేతిలోకి తీసుకుని, కళ్ళు తెరవకుండానే ముందుకు అడుగువేశారు. పక్కనున్నది నా మైకు స్టాండు. నేను దాన్ని కొంచెం ముందుకు జరిపాను. మంత్రిగారు తడుముకుని, ఆ స్టాండు మెడలో పతకం వేసి, ప్రేమగా నిమిరారు.

“కొంచెం బక్కగా ఉన్నట్టుందే?” అన్నారు.

“కొండమీది మేత తగిలితే పుంజుకుంటుందండీ,” అన్నారు అకీమ్ గారు. “ఈ ఏడు పంపడం ఆలస్యమైంది.”

“ఎందుచేత?”

“ప్రజల్లోనే ఆడాలన్న ఉత్సాహం తక్కువగా ఉందండీ.”

మంత్రిగారు బాధగా తల పంకించారు. నేను చప్పట్లు మొదలుపెట్టాను. కాసేపు చూసి, నేనే ఆపేశాను.